పొద్దున నార్మల్, రాత్రికి ఆపరేషన్: అపెండిక్స్ నొప్పిలో రక్త పరీక్ష ఏం చెప్తుంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను, తప్పుంటే దిద్దండి. మీది దేవరకొండ వైపు ఊరు. పదో తరగతి చదివే మీ పెద్దబ్బాయికి రాత్రి 12 గంటలప్పుడు బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. అన్నం వద్దన్నాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. తెల్లవారి 5 గంటలకు దగ్గర్లోని దవాఖానకు తీసుకెళ్తే సీబీపీ (రక్తకణాల లెక్క) చేశారు. టోటల్ కౌంట్ (మొత్తం తెల్లకణాలు) 9,800, న్యూట్రోఫిల్స్ (వాటిలో ఒక రకం) 78 శాతం, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే ప్రొటీన్) 4. స్కానింగ్‌లో అపెండిక్స్ కనిపించలేదన్నారు. గ్యాస్ మందులిచ్చి, తగ్గకపోతే రమ్మని పంపారు. సాయంత్రానికి నొప్పి కుడివైపు కిందికి దిగింది, జ్వరం 100.4 తగిలింది. నల్లగొండకు తెచ్చారు. రాత్రి 7 గంటలకు తీసిన రక్తంలో కౌంట్ 15,200, న్యూట్రోఫిల్స్ 86 శాతం, సీఆర్‌పీ 58. ఆ రాత్రే ఆపరేషన్ అయింది. పిల్లవాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఇంట్లోనే పంచాయితీ తెగడం లేదు: పొద్దుటి రిపోర్టు తప్పా, లేక రాత్రి రిపోర్టును ఆపరేషన్ కోసం పెంచి రాశారా? చిన్నోడికి కూడా ముందే ఒక పరీక్ష చేయించాలా అని చివర్లో అడిగారు.

రెండు రిపోర్టులూ నిజమే అయ్యుంటాయి. మీ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ రక్తం నొప్పి మొదలైన ఎన్నో గంటలో తీశారు? మొదటిది 5వ గంటలో, రెండోది 19వ గంటలో. ఆ 14 గంటల్లో పిల్లవాడి ఒంట్లో జరగాల్సింది జరిగింది.

నేను జనరల్ సర్జన్‌ని. మహబూబ్‌నగర్‌లో మొదలుపెట్టి నల్లగొండలో స్థిరపడ్డాను, మొత్తం కలిపి 27 ఏళ్లు. ఈ గొడవ నా గది బయట బెంచీ మీద ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మనవాళ్లు ఈ జబ్బుకు 'ఇరవైనాలుగు గంటల నొప్పి' అని పేరు పెట్టారు. ఎవరు పెట్టారో గానీ, మా పాఠ్యపుస్తకాల్లో ఉండే ఉండుకం, శోథ లాంటి మాటల కన్నా అదే పనికొచ్చే పేరు. ఈ జబ్బులో గడియారమే ముఖ్యమని ఆ పేరులోనే ఉంది. ఇబ్బంది ఏమిటంటే కొందరు దాన్ని '24 గంటలు ఆగి చూడొచ్చు' అని అర్థం చేసుకుంటారు. అలా ఆగడం ప్రాణం మీదికి తెస్తుంది.

లోపల ఏం జరుగుతుందో చెప్తే మిగతాది సులువవుతుంది. అపెండిక్స్ అంటే పెద్దపేగు మొదట్లో వేలాడే, చిటికెన వేలంత సన్నని గొట్టం. ఒక కొస మూసుకుపోయి ఉంటుంది. రెండో కొస దగ్గర మలం గట్టిపడి రాయిలా అడ్డుపడ్డా, అక్కడి గ్రంథులు వాచినా లోపలి జిగురు బయటికి రాలేక గొట్టం ఉబ్బుతుంది. మొదట్లో ఆ ఉబ్బు నొప్పి బొడ్డు దగ్గరే తెలుస్తుంది, ఎందుకంటే అపెండిక్స్ నరాలూ బొడ్డు చుట్టూ ఉండే చర్మం నరాలూ వెన్నుపాములో ఒకే చోటికి చేరతాయి. తర్వాత లోపలి బాక్టీరియా పెరిగి, వాపు గోడ దాటి, కడుపు లోపలి పొరను తాకుతుంది. అప్పుడు నొప్పి అసలు చోటికి, కుడివైపు కిందికి, దిగుతుంది. మీవాడికి సాయంత్రం జరిగింది అదే.

రక్తం ఈ కథను కాస్త వెనకగా చెప్తుంది. వాపు మొదలవగానే ఎముక మూలుగలో నిల్వ ఉన్న తెల్లకణాలు, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్, రక్తంలోకి దిగుతాయి. దీనికి కొన్ని గంటలు చాలు. సీఆర్‌పీ ఇంకా ఆలస్యం. అది లివర్ తయారుచేసే ప్రొటీన్. వాపు కబురు లివర్‌కు అందాలి, లివర్ దాన్ని తయారుచేయాలి, రక్తంలో అది పేరుకోవాలి. 6 నుంచి 12 గంటలు దాటితే గానీ పెరుగుదల కళ్లకు ఆనదు. తర్వాత ఎక్కుతూ పోయి దాదాపు 48 గంటలకు పైమెట్టు చేరుతుంది. 5వ గంటలో మీవాడికి సీఆర్‌పీ 4 ఉండటంలో వింతేం లేదు. అప్పటికే 40 ఉంటేనే నేను ఆశ్చర్యపోయి, నొప్పి అంతకు ముందురోజే మొదలైందేమో గట్టిగా అడుగు అనేవాణ్ని మా హౌస్‌సర్జన్‌తో.

ఇప్పుడు ఆ 9,800 సంగతి. మామూలుగా టోటల్ కౌంట్ 4,000 నుంచి 11,000 మధ్య ఉంటుంది. 10,000 దాటితే అనుమానించమని మా లెక్క. 9,800 అంటే గీత కింద, 10,200 అంటే గీత పైన. ఈ రెండింటి మధ్య తేడా ఎంతటిదో నాకు చేతితోనే తెలుసు. పీజీ చదివే రోజుల్లో రాత్రిపూట వార్డు పక్కనున్న చిన్న ల్యాబులో కౌంట్ మేమే చేసుకునేవాళ్లం. పిపెట్‌తో రక్తం పీల్చి, దానికి 20 వంతులయ్యేదాకా మందునీళ్లు కలిపి, గళ్లున్న గాజుపలక మీద ఒక చుక్క వదిలి మైక్రోస్కోప్ కింద పెట్టాలి. నాలుగు మూలల నాలుగు పెద్ద గళ్లలో కనపడే తెల్లకణాలు లెక్కబెట్టి 50తో గుణిస్తే అదే టోటల్ కౌంట్. నాలుగు గళ్లలో 196 ఉంటే 9,800. 204 ఉంటే 10,200. ఎనిమిది కణాల తేడా! నిద్రమత్తులో గీత మీద పడ్డ కణాన్ని ఒకసారి లోపల, ఒకసారి బయట లెక్కేస్తే చాలు. ఇప్పుడు మిషన్లొచ్చాయి, అవి మాకన్నా చాలా మేలు. కానీ రెండు వేర్వేరు ల్యాబుల మిషన్ల మధ్య, ఒకే మనిషికి రెండు పూటల మధ్య ఆ మాత్రం తేడా ఇప్పటికీ వస్తుంది. రిపోర్టులో గీత దాటిన అంకెను లావు అక్షరాల్లో అచ్చేస్తారు కదా, జనం ఆ లావు అక్షరాన్నే రోగం అనుకుంటారు. సన్నగా ఉంటే రోగం లేదనుకుంటారు.

నిజానికి మీ పొద్దుటి రిపోర్టులో ఒక చిన్న సూచన ఉండనే ఉంది. న్యూట్రోఫిల్స్ 78. టోటల్ మామూలుగా ఉన్నా, అందులో న్యూట్రోఫిల్స్ వాటా 75 దాటితే మూలుగ అప్పటికే పనిలో దిగిందని అర్థం. అయితే దాన్ని పట్టుకుని పొద్దున్నే కోసేయాల్సిందని నేననను. ఆ ఒక్కదాని మీద కోస్తే విరేచనాల పిల్లలందరినీ కోయాల్సి వస్తుంది. మామూలు వాంతులు, విరేచనాలు, భయం, పరుగెత్తడం, ఏవైనా కౌంట్‌ను కాస్త పెంచుతాయి. స్థూలంగా చెప్పాలంటే అపెండిసైటిస్, అంటే అపెండిక్స్ వాపు, నిజంగా ఉన్న వంద మందిలో ఓ ఇరవై మందికి కౌంట్ 10,000 దాటదు. లేనివాళ్లలోనేమో దాదాపు సగం మందికి దాటుతుంది. ఒంటరిగా చూస్తే ఇంత బలహీనమైన పరీక్ష అది.

మరెందుకు చేస్తారు? పొట్ట మీద చెయ్యి పెట్టి చూసినదానికి జతచేయడానికి. ఇది మా సర్జన్లు గుడ్డిగా చేసే పని కాదు. 1986లో అల్ఫ్రెడో అల్వరాడో అనే డాక్టర్ దీనికి పది మార్కుల లెక్క ఒకటి పెట్టాడు. నొప్పి బొడ్డు నుంచి కుడివైపుకు మారితే 1, ఆకలి చస్తే 1, వాంతి లేదా వికారం 1, కుడివైపు కింద నొక్కితే నొప్పి 2, నొక్కి టక్కున వదిలినప్పుడు కలుక్కుమంటే 1, జ్వరం 1, కౌంట్ 10,000 దాటితే 2, న్యూట్రోఫిల్స్ ఎక్కువైతే 1. చూడండి, పదిలో రక్తానికి మూడే. ఏడు మార్కులు మనిషివి. 2008లో స్వీడన్ నుంచి ఆండర్సన్ బృందం ఇంకో లెక్క తెచ్చింది, అందులో సీఆర్‌పీని కూడా కలిపారు, 12 మార్కులకు. రక్తానికి అందులో ఆరు. కౌంట్, న్యూట్రోఫిల్స్, సీఆర్‌పీ ఎంత ఎక్కితే అంత ఎక్కువ మార్కులు, ఒక్కోదానికి రెండు దాకా. ఎదిగినవాళ్లకు మేలైన లెక్కల్లో ఈ రెండోది ఒకటని 2020లో ప్రపంచ ఎమర్జెన్సీ సర్జన్ల సంఘం మార్గదర్శకాల్లోనూ చెప్పారు. నాకూ అదే నచ్చింది.

మీ అబ్బాయిని ఈ రెండో లెక్కలో వేసి చూద్దాం. పొద్దున 5 గంటలకు: వాంతికి 1, న్యూట్రోఫిల్స్ 70 దాటాయి కాబట్టి 1. నొప్పి ఇంకా బొడ్డు దగ్గరే ఉంది, కౌంట్‌కు సున్నా, సీఆర్‌పీకి సున్నా. మొత్తం 2. నాలుగు దాకా ఉంటే ఇంటికి పంపి, మళ్లీ చూడటమే సరైన పద్ధతి. రాత్రి 7 గంటలకు: వాంతికి 1, కుడివైపు నొప్పికి 1, నొక్కి వదిలితే ఓ మోస్తరు నొప్పి ఉందన్నారు కాబట్టి 2, న్యూట్రోఫిల్స్ 85 దాటినందుకు 2, కౌంట్ 15,000 దాటినందుకు 2, సీఆర్‌పీ 50 దాటినందుకు 2. మొత్తం 10. తొమ్మిది గానీ ఆపైన గానీ వస్తే ఆపరేషన్ ఆలోచన మొదలుపెట్టమంటుంది ఆ లెక్క. అదే పిల్లవాడు, అదే జబ్బు, పొద్దున రెండు, రాత్రికి పది. పొద్దున పంపించిన డాక్టర్ గారిదీ తప్పు కాదు, రాత్రి కోసినాయనదీ తప్పు కాదు. పొద్దుటి ఆయన ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాల్సింది: "తగ్గకపోతే రండి" కాదు, "తగ్గినా తగ్గకపోయినా మధ్యాహ్నం తీసుకురండి, ఇంకోసారి పొట్ట చూసి రక్తం తీద్దాం" అని.

అలా చెప్పడం మాకెందుకు కష్టమో కూడా చెప్తాను. రెండోసారి రక్తం తీయాలనగానే "పొద్దున్నే తీసిండ్రు కద సార్, మళ్ల ఎందుకు, పైసల కోసమా?" అంటారు. నా ముందే ఒక పెద్దాయన రిపోర్టు బల్ల మీద విసిరికొట్టి మనవణ్ని ఎత్తుకుని వెళ్లిపోయాడు. మర్నాడు రాత్రి 108లో తిరిగొచ్చారు, అపెండిక్స్ పగిలి. పిల్లవాడు బతికాడు గానీ మూడు రోజుల్లో ఇంటికి పోవాల్సినవాడు పన్నెండు రోజులున్నాడు. ఆ పెద్దాయనను నేను తప్పుపట్టలేదు. అవసరం లేని పరీక్షలు రాసే జబ్బు మా వృత్తిలో ఉంది కాబట్టే ఆ అనుమానం పుట్టింది. కానీ ఆరు నుంచి ఎనిమిది గంటల తేడాతో చేసే రెండో సీబీపీ, సీఆర్‌పీ అలాంటివి కావు. ఈ నొప్పిలో నాకు ఒకే పరీక్ష ఎంచుకోమంటే ఆ రెండోదే ఎంచుకుంటాను. 9,800 నుంచి 9,200కు దిగిందా, 13,000కు ఎక్కిందా అన్నది ఏ ఒక్క అంకె చెప్పలేని సంగతి.

మన జిల్లాల్లో రక్త పరీక్షను చెడగొట్టేవి కొన్ని ఉన్నాయి, అవి పుస్తకాల్లో ఉండవు. మొదటిది డెక్సా ఇంజెక్షన్. ఊళ్లో కడుపునొప్పి వస్తే మొదట వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికే, అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే, నేనేం తప్పనను. కానీ చాలాచోట్ల నొప్పి సూదితో పాటు డెక్సా కూడా కలిపి వేస్తారు. అది స్టెరాయిడ్. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న తెల్లకణాలను రక్తంలోకి వదిలేస్తుంది, కౌంట్ ఉత్తపుణ్యానికి 14,000 చూపిస్తుంది. పైగా జ్వరాన్ని దించుతుంది, పొట్ట నొప్పినీ మాసిపోయేలా చేస్తుంది. అంటే కాగితం మీద ఎక్కువ, చేతికి తక్కువ. నేను రెండింటినీ నమ్మలేను. యాంటీబయాటిక్ సూది అయితే దీనికి పూర్తిగా తిరగబడి, ఉన్న వాపును ఒకటి రెండు రోజులు అణిచిపెడుతుంది. అందుకే ఏ సూది వేశారో, ఎన్ని గంటలకు వేశారో చీటీ మీద రాయించుకుని రండి. ఖాళీ సీసా జేబులో వేసుకొచ్చినా సరే. మామూలు నొప్పి మందుతో మాత్రం భయం లేదు. నొప్పి తగ్గిస్తే రోగం దాగిపోతుందని పాతకాలంలో అనేవారు, అది తప్పని ఎప్పుడో తేలింది. పిల్లవాణ్ని విలవిల్లాడనివ్వక్కర్లేదు. వద్దనేది ఆముదం. మలబద్ధకం అనుకుని ఆముదం పట్టిస్తే ఉబ్బిన అపెండిక్స్ మీద పేగు ఒత్తిడి పెరుగుతుంది.

రెండోది వైడాల్ పరీక్ష. కడుపునొప్పి, కాస్త జ్వరం అనగానే మన దగ్గర 'టైఫాయిడ్ టెస్ట్' చేసేస్తారు. టైఫాయిడ్ తిరిగే ప్రాంతంలో పుట్టి పెరిగిన మనలో చాలామంది రక్తంలో ఆ పాత గుర్తులు ఎంతో కొంత ఉంటాయి. జబ్బు మొదటి వారంలో మాత్రం నిజమైన టైఫాయిడ్‌కే అది తరచుగా నెగెటివ్ వస్తుంది. ఒక్క రోజు కడుపునొప్పికి వైడాల్ పాజిటివ్ అంటే దానికి అర్థం దాదాపు ఏమీ లేదు. అచ్చంపేట వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, వైడాల్ పాజిటివ్ అని ఐదు రోజులు గ్లూకోజ్ ఎక్కించారు. పొట్టలో చీముగడ్డ కట్టింది. ఆ ఐదు రోజుల కాగితాల్లో సీబీపీ కూడా ఉంది, కౌంట్ 17,400. టైఫాయిడ్‌లో కౌంట్ మామూలుగానో తక్కువగానో ఉంటుంది, పేగు పగిలితే తప్ప. ఆ ఒక్క అంకె చదివుంటే చాలు. డెంగీ కూడా అంతే, వానాకాలంలో కడుపునొప్పితో వస్తారు, కానీ కౌంట్ 3,000కు పడిపోతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. అలాంటప్పుడు కోతకు తొందరపడకుండా రక్త పరీక్షే మమ్మల్ని ఆపుతుంది. అపెండిసైటిస్ కాదు అని చెప్పడంలోనే రక్తం ఎక్కువ మేలు చేస్తుందని నా అనుభవం. నొప్పి మొదలై 24 గంటలు దాటాక కూడా కౌంట్, న్యూట్రోఫిల్స్, సీఆర్‌పీ మూడూ మామూలుగా ఉంటే అపెండిసైటిస్ ఉండే అవకాశం బాగా తక్కువ. పూర్తిగా లేదని అనను.

సీఆర్‌పీ గురించి ఒక జాగ్రత్త. అంకె పక్కన యూనిట్ చూడండి. కొన్ని ల్యాబులు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకు ఇస్తాయి. పదింతల తేడా. ఒకసారి మిర్యాలగూడ నుంచి తెలిసినాయన వాట్సాప్‌లో ఫోటో పంపాడు, సీఆర్‌పీ 6.4 అని. యూనిట్ ఉన్న అంచు ఫోటోలో తెగిపోయింది. 'పర్వాలేదు, ఉదయం రండి' అని టైపు చేసి, పంపబోయే ముందు ఎందుకో అనుమానమొచ్చి పూర్తి కాగితం పంపమన్నాను. డెసిలీటరు! అంటే 64. ఆ రాత్రే రమ్మన్నాను. అప్పటి నుంచి కత్తిరించిన ఫోటోలకు జవాబివ్వడం మానేశాను. చిన్న ల్యాబుల్లో గాజుపలక మీద చేసి ఉట్టి 'పాజిటివ్' అని రాసిచ్చే సీఆర్‌పీ కూడా ఉంది. అది 6 దాటిందని చెప్తుందే గానీ 7 ఉందో 170 ఉందో చెప్పదు. అది నాకు అంతగా పనికిరాదు. వాపును చూపే ఇంకో రక్త పరీక్ష ఈఎస్ఆర్ అసలే వద్దు, అది మరీ నెమ్మదిగా మారుతుంది, ఈ జబ్బుకు సరిపోదు.

ఆడపిల్లల విషయంలో కాస్త ఆగి చెప్పాలి. కల్వకుర్తి దగ్గరి ఊరు నుంచి 24 ఏళ్ల అమ్మాయిని 'అపెండిక్స్, కౌంట్ 12,600' అని చీటీ రాసి పంపారు. దారిలో రెండు దవాఖానలు తిరిగారు. అందరూ కౌంట్ చూశారు. అదే కాగితంలో అన్నిటికన్నా పైన మొదటి వరుసలో హిమోగ్లోబిన్ 7.2 అని ఉంది, అది ఎవరి కంటా పడలేదు. అమ్మాయి తెల్లగా పాలిపోయింది, నాడి 120 కొడుతోంది. మూత్రంలో గర్భం పరీక్ష చేద్దామంటే తల్లి నా మీదికొచ్చింది, "పెండ్లి కాని పిల్లకు గా పరీక్ష ఏంది సార్?" అని. నర్సమ్మ పక్కకు తీసుకెళ్లి నచ్చజెప్పింది. పాజిటివ్. గర్భం గర్భసంచిలో కాకుండా దాని పక్కనుండే అండవాహిక గొట్టంలో పెరిగి పగిలింది, పొట్ట నిండా రక్తం. రక్తం కారినా కౌంట్ పెరుగుతుంది మరి. అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదో. అందుకే పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఏ ఆడమనిషికి కుడివైపు కడుపునొప్పి వచ్చినా ఆ పరీక్ష చేస్తాం. అది ఎవరినీ అనుమానించడం కాదు. గర్భిణీలకైతే కౌంట్ మామూలుగానే 15,000 దాకా పోతుంది, కాన్పు నొప్పుల్లో ఇంకా పైకి. వాళ్లకు 10,000 గీత పనికిరాదు.

ముసలివాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఇంకో రకంగా మోసపోతారు. మూలుగకు ఓపిక తగ్గి కౌంట్ ఎక్కదు. నకిరేకల్ వైపు నుంచి వచ్చిన 70 ఏళ్ల పెద్దమనిషికి కౌంట్ 8,900, కానీ న్యూట్రోఫిల్స్ 91, బిలిరుబిన్ (కామెర్లలో పెరిగేది) 2.1. కళ్లు పచ్చబడలేదు, తాగుడు లేదు. అపెండిక్స్ కుళ్లి పగిలితే ఆ విషం లివర్‌కు చేరి బిలిరుబిన్ కాస్త పెరుగుతుంది, ఆ ఒక్కటీ చూసి అనుమానించి సీటీ స్కాన్ తీయించాను. పగిలే ఉంది. కడుపునొప్పి, వాంతులతో వచ్చిన పిల్లలకూ పెద్దలకూ గ్లూకోమీటర్‌తో ఒక చుక్క షుగర్ కూడా చూడాలి. షుగర్ బాగా పెరిగి ఒంట్లో ఆమ్లం చేరినా కడుపు నొస్తుంది, వాంతులవుతాయి, కౌంట్ 18,000 ఉంటుంది. కోసి చూస్తే అపెండిక్స్ శుభ్రంగా ఉంటుంది.

స్కానింగ్‌లో కనిపించలేదంటే లేదని కాదు. గ్యాస్ అడ్డొచ్చినా, అపెండిక్స్ పేగు వెనక దాక్కున్నా కనపడదు. కనపడి, నొక్కినా అణగకుండా 6 మిల్లీమీటర్లు దాటి ఉబ్బి ఉంటే మాత్రం అది గట్టి సాక్ష్యం. మూత్రంలో చీము కణాలు కొన్ని ఉన్నాయని 'యూరిన్ ఇన్ఫెక్షన్' అని తేల్చేయడమూ సరికాదు, వాచిన అపెండిక్స్ మూత్రనాళాన్ని ఆనుకుంటే అవి వస్తాయి.

ఉచితంగా చేసే సర్కారు పరీక్షల గురించి చాలామంది అడుగుతారు. తెలంగాణ డయాగ్నస్టిక్స్ మంచి పని, షుగర్‌కో థైరాయిడ్‌కో నేనే పంపుతాను. కానీ నమూనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసి జిల్లా ల్యాబుకు చేరి రిపోర్టు వచ్చేదాకా పట్టే సమయం ఈ నొప్పికి సరిపోదు. దీనికి అక్కడే ల్యాబూ, అక్కడే సర్జనూ ఉన్నచోటికే పోవాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానలు ఇప్పుడు మెడికల్ కాలేజీ ఆస్పత్రులు, పట్నం దాకా పరుగెత్తక్కర్లేదు.

మీ బావమరిది 'మందులతో తగ్గేదేమో, కోశారు' అన్నాడని రాశారు. అది తీసిపారేసే మాట కాదు. పగలని అపెండిసైటిస్‌ను యాంటీబయాటిక్స్‌తో తగ్గించొచ్చని ఫిన్లాండ్‌లో ఎదిగినవాళ్ల మీద చేసి 2015లో ప్రచురించిన పరిశోధన చూపించింది. అయితే అలా మందులు వాడినవాళ్లలో ఏడాదిలోపు వందకు 27 మందికి, ఐదేళ్లలో దాదాపు 39 మందికి ఆపరేషన్ చేయాల్సే వచ్చింది. అపెండిక్స్‌లో రాయి ఉంటే మందులు ఇంకా తక్కువ నిలుస్తాయి. పరీక్షల ఏడాదిలో ఉన్న పదో తరగతి పిల్లవాడికి, సర్జన్ ఉన్న ఊరికి గంటకు పైగా ప్రయాణం ఉన్నచోట, నేనైనా కోయడానికే మొగ్గుతాను. మీకు ఆ రెండో దారి గురించి ఒక మాట చెప్పి ఉండాల్సింది, అది మాత్రం ఒప్పుకుంటాను.

రాత్రి రిపోర్టు పెంచి రాశారా అన్న అనుమానానికి నా దగ్గర వాదన కన్నా మంచి జవాబుంది. తీసిన అపెండిక్స్‌ను బయాప్సీకి పంపి ఉంటారు, వారం పది రోజుల్లో కాగితం వస్తుంది, అడిగి తీసుకోండి. బయాప్సీ అనగానే క్యాన్సర్ అని కంగారు పడకండి, కోసి తీసిన ఏ ముక్కనైనా పంపడం ఆనవాయితీ. అందులో గోడ నిండా న్యూట్రోఫిల్స్ ఉన్నాయని రాస్తే 15,200 నిజమే, అదే కణాలు రక్తంలోనూ కనిపించాయి. ఒకవేళ నార్మల్ అని వస్తే అప్పుడు అడగండి, అడిగే హక్కు మీకుంది. పూర్తి జాగ్రత్తగా చేసే సర్జన్ చేతిలో కూడా అప్పుడప్పుడు మంచి అపెండిక్స్ బయటికి వస్తుంది. నా చేతిలోనూ వచ్చింది.

చిన్నోడికి నొప్పి లేకుండా ఏ పరీక్షా వద్దు. రేపు అపెండిసైటిస్ వస్తుందో రాదో చెప్పే రక్త పరీక్ష లేదు. అన్నకు వచ్చిన ఇంట్లో తమ్ముడికి వచ్చే అవకాశం కాస్త ఎక్కువే, అంతమాత్రాన రక్తం తీయించి వాణ్ని భయపెట్టకండి. ఎప్పుడైనా కడుపునొప్పి వచ్చి, ముందు నొప్పి తర్వాత వాంతి అయి, నొప్పి కుడివైపుకు జారి, ఎగరమంటే ఎగరలేక వంగి నడిస్తే రిపోర్టు కోసం ఆగకుండా బయల్దేరండి. కుడివైపంతా చెక్కలా గట్టిపడినా, ఉన్నట్టుండి నొప్పి తగ్గిపోయి జ్వరం పెరిగినా అంతే, అది పగిలిన గుర్తు కావచ్చు. తినడానికి ఏమీ పెట్టకండి. నొప్పి మొదలైన టైమ్ చీటీ మీద రాసుకోండి, ల్యాబు వాళ్లు రక్తం తీసిన టైమ్ కూడా దాని పక్కనే రాయించండి. చాలా రిపోర్టుల మీద తేదీయే ఉంటుంది, గంట ఉండదు.

పెద్దోడికి కుట్లు విప్పేదాకా సైకిల్ ఇవ్వకండి. బయాప్సీ కాగితం వచ్చాక, అంచులు తెగకుండా ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తాను.